టెక్ సందేహాలు: పేజీ కనిపిస్తోంది కదా అని వదిలేయకండి

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం ఉగాది ఆహ్వానాన్ని వెబ్ పేజీగా పెట్టాం. కొన్ని ఫోన్లలో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎందుకు? (కె.ఆర్. పురం, బెంగళూరు)

జవాబు: అక్షరానికి మూడేసి గుర్తుల చొప్పున వస్తున్నాయంటే ఫైల్ యూటీఎఫ్-8లోనే (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి) ఉంది, ఆ సంగతి బ్రౌజర్‌కే తెలియలేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి (అక్షరం, గుణింతం గుర్తు దేనికది) 3 బైట్లు పడతాయి. ఆ పద్ధతి పేరు బ్రౌజర్‌కు చెప్పే మెటా క్యారెక్టర్‌సెట్ ట్యాగ్ ఫైల్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. మీరేమో దానికంటే ముందు సంఘం చరిత్రంతా తెలుగులో కామెంటుగా పెట్టారు. 340 సంకేతాలు దాటేసరికే ఆ హద్దు అయిపోతుంది. ట్యాగ్‌ను హెడ్‌లో మొట్టమొదటి వరుసకు తెచ్చి, కామెంటు తీసేయండి. అయినా మారకపోతే సర్వర్ వేరే ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) చెబుతున్నట్టే. ట్యాగ్ కన్నా సర్వర్ మాటే చెల్లుతుంది, హోస్టింగ్ వాళ్లనడిగి మార్పించండి. డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంట్లలో తెచ్చిన మేటరైతే ఇవేవీ పనిచేయవు, ముందు అన్ని ఫోన్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాలి.

ప్రశ్న: మారతహళ్లిలో మా బాబాయి వాళ్ల పీజీకి పేజీ తయారుచేశాను. కోడ్‌లో తప్పులు పట్టే డబ్ల్యూత్రీసీ వ్యాలిడేటర్‌లో పెడితే 47 ఎర్రర్లు చూపించింది. లాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తోంది కదా, అన్నీ దిద్దాలా? కోడ్ జతచేశాను. (మారతహళ్లి, బెంగళూరు)

జవాబు: "బాగానే కనిపిస్తోంది కదా" అన్న మాట లేని ఉత్తరం ఈ మధ్య రావడం లేదు. కనిపిస్తోందంటే అది బ్రౌజర్ ఓర్పు. మూయని ట్యాగ్ ఎదురైతే ఏం చేయాలో హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే రాసి ఉంది, బ్రౌజర్ ఆ ప్రకారం సర్దుకుపోతుంది. అది మీ మనసులో ఉన్నట్టే సర్దుతుందన్న హామీ మాత్రం లేదు.

47 చూసి బెదరకండి. 112వ వరుసలో లింకు చిరునామా చివర కొటేషన్ గుర్తు పడిపోయింది. దాంతో తరవాతి గుర్తు దొరికేదాకా ఉన్న కోడ్ అంతా చిరునామాలో భాగమైపోయి, ఎర్రర్లు ఒకదాని వెంట ఒకటి పుట్టాయి. వ్యాలిడేటర్ చూపే వరుస నంబరు తప్పు బయటపడిన చోటు. తప్పు జరిగిన చోటు తరచూ దానికి పైన ఉంటుంది. మొదటిది దిద్ది మళ్లీ చెక్ చేయండి, సగానికి సగం పోతాయి. చివర స్లాష్ అనవసరమంటూ వచ్చే సమాచారాన్ని వదిలేయొచ్చు.

వదలకూడనిది డూప్లికేట్ ఐడీ. ఐడీ అంటే పేజీలో ఒక్కదానికే ఉండాల్సిన పేరు. సింగిల్, డబుల్, త్రీ షేరింగ్ బటన్లు మూడింటికీ ఒకే ఐడీ కాపీ కొట్టారు. లేబుల్ (బటన్ పక్కనున్న అక్షరాలు) ఎప్పుడూ ఆ ఐడీ ఉన్న మొదటి బటన్‌కే వెళ్తుంది. ఫోన్లో "త్రీ షేరింగ్" అన్న అక్షరాల మీద నొక్కిన కుర్రాడికి సింగిల్ షేరింగ్ ఎంపికవుతుంది. అద్దె చూసి పేజీ మూసేస్తాడు.

దిద్దిన పేజీని మళ్లీ పబ్లిష్ చేసేలోపు చిరునామా ఇచ్చి చెక్ చేయలేం. ఫైల్ అప్‌లోడ్ చేయండి, లేదా కోడ్ నేరుగా అతికించండి. గదుల పట్టికను పేజీ తెరిచాక నడిచే జావాస్క్రిప్ట్ కడుతోంది కాబట్టి మీ ఫైల్లో అది ఉండదు. బ్రౌజర్ ఇన్‌స్పెక్ట్‌లో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మీద రైట్ క్లిక్ చేసి, అవుటర్ హెచ్‌టీఎంఎల్ కాపీ చేసి దాన్ని అతికించండి.

ఇక ఆ 47 అలా ఉంచండి. మీ కోడ్‌లో నన్ను భయపెట్టినవి వ్యాలిడేటర్ ఎప్పటికీ చూపనివి.

హెడ్‌లో పాలిఫిల్ డాట్ ఐఓ నుంచి వచ్చే స్క్రిప్ట్ (పాత బ్రౌజర్లకు కొత్త సదుపాయాలు అందించేది) ఉంది, ఏదో పాత పాఠంలోంచి తెచ్చినట్టున్నారు. ఆ డొమైన్ 2024లో చేతులు మారింది; జూన్‌లో చూస్తే, దాన్ని వాడుతున్న లక్షకు పైగా సైట్లలోకి హానికర కోడ్ వెళ్తోందని బయటపడింది. ఆ వరుస తీసేయండి. ఇప్పటి బ్రౌజర్లకు దాని అవసరమే లేదు.

అంతకన్నా పెద్ద ముప్పు ఆధార్ ఫొటో అడిగే ఫారం. ఫొటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతున్నాయి, ఆ ఫోల్డర్ బయటివాళ్లందరికీ తెరిచి ఉండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ లోపలే ఉంది. అందులో ఇండెక్స్ ఫైల్ లేదు కాబట్టి, కొన్ని హోస్టింగుల్లో ఆ ఫోల్డర్ చిరునామా కొడితే చాలు, ఫైళ్ల జాబితా తెరుచుకుంటుంది. సర్వర్ సెట్టింగుల ఫైల్ డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో జాబితా ఆపేసినా సరిపోదు: ఫైళ్లకు గది నంబర్లే పేర్లు పెట్టారు, 101, 102 అని కొట్టుకుంటూ పోతే ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. పైగా "బొమ్మలు మాత్రమే" అన్న షరతు ఫారంలోనే ఉంది, సర్వర్‌లో లేదు. ఫొటో బదులు పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం) ఎక్కించి దాని చిరునామా తెరిస్తే అది మీ సర్వర్‌లోనే నడుస్తుంది. ఆ తరవాత సైట్ మీది కాదు.

ఫారంలో రాసిన ఏ షరతునైనా బయటివాడు తన బ్రౌజర్‌లో తుడిచేయగలడు. రకం, సైజు సర్వర్ మళ్లీ చూడాలి. ఫైల్‌కు ఊహించలేని పేరు తనే పెట్టాలి. పబ్లిక్ ఫోల్డర్ బయట దాచాలి. అసలు ఆధార్ వెబ్‌లో ఎందుకు? దిగిన రోజున కార్డు నేరుగా చూడొచ్చు. తప్పదంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

ఇందులో తప్పంతా మీదే అనను. మాట చెబితే పేజీ కట్టిచ్చే పనిముట్లు ఇప్పుడు బోలెడు. వాటిలో పబ్లిష్ బటన్ తెర మధ్యలో మెరుస్తుంటుంది, చెక్ చేసే వీలు ఏ మెనూ అడుగునో ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. ఫైల్ తీసుకునే ఫారం కట్టినప్పుడు ఆ ఫైల్ ఎక్కడ పడుతుందో, ఎవరు తెరవగలరో ఒక్క ముక్క చెప్పని పనిముట్టును జనం చేతికివ్వడం బాధ్యత లేనితనం. ఇల్లు కట్టి తలుపుకు గడియ పెట్టని మేస్త్రీకి మనం డబ్బు చేతిలో పెడతామా?

మీరు ఇప్పుడే చేయాల్సింది: ముందు ఫారం ఆపండి. అప్‌లోడ్స్‌లో ఉన్న ఫొటోలను సర్వర్ నుంచి తీసేయండి. బ్యాకప్ జిప్ కూడా అదే ఫోల్డర్‌లో ఉంటే దాన్నీ తీయండి. ఫొటో పంపిన వాళ్లందరికీ బాబాయి చేత ఫోన్ చేయించి, మీ కార్డు బొమ్మ ఇన్నాళ్లు బయట ఉంది అని ఉన్నదున్నట్టు చెప్పించండి. 112వ వరుసలో కొటేషన్ గుర్తు ఆ తరవాత పెట్టుకోవచ్చు.