స్టెల్త్ విమానాల మీద రాస్తున్న తమ్ముడికి

మలక్‌పేట, హైదరాబాద్

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అల్వాల్‌లో మీ డాబా మీద నిలబడి హకీంపేట శిక్షణ విమానాలు లెక్కపెట్టిన చిన్నతనంతో మొదలుపెట్టావు. ఆ పేరా ముట్టుకోకు. నా ఇబ్బందల్లా ఆ తర్వాతే. 'అదృశ్య విమానం', 'రాడార్‌కు చిక్కని మాయ' అని ఏడు చోట్ల రాశావు. 1999 మార్చి 27 రాత్రి సెర్బియాలో, రాడార్‌కు అంత తేలిగ్గా దొరక్కుండా చేసిన అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ను సోవియట్ కాలపు పాత క్షిపణితో కూల్చేశారు. అదృశ్యమైతే ఎలా కూలిందని పాఠకుడు అడిగితే నీ దగ్గర జవాబేది?

జవాబు దూరం లెక్కలో ఉంది. రాడార్ తరంగం వెళ్తూ పలచబడుతుంది, తిరిగొస్తూ మళ్లీ పలచబడుతుంది. అందుకే విమానం వెనక్కి పంపే సంకేతాన్ని పదివేల రెట్లు తగ్గించినా, దాన్ని పట్టుకునే దూరం పదో వంతుకే తగ్గుతుంది. 300 కిలోమీటర్ల దూరాన దొరకాల్సింది 30 కిలోమీటర్లకు వచ్చాక దొరుకుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, కింద ఉన్నవాళ్లకు 20 నిమిషాల టైముండాల్సింది 2 నిమిషాలే మిగులుతుంది. 'మాయ' కొట్టేసి ఆ రెండు నిమిషాల గురించి రాయి.

ఈ రాత్రి లైట్లార్పి, టార్చిని కంటి పక్కనే పట్టుకుని వంటింట్లో స్టీలు బిందె మీద వెయ్యి. నువ్వు ఎటు నిలబడ్డా ఒక చుక్క నీవైపే మెరుస్తుంది. తర్వాత చేతి అద్దాన్ని కాస్త వంచి పెట్టి, దాని మీద వెయ్యి. వెలుగు గోడ మీదికి పోతుంది, అద్దం నల్లగా ఉండిపోతుంది. ఇది మా ఇంట్లో చేసి చూశాకే, ఎఫ్-117 ఒంటినిండా ఆ చదును పలకలెందుకో నాకు బోధపడింది. అంచుల దగ్గర తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కగట్టి 1962లో ప్రచురించినవాడు సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్. ఆ లెక్కను వాడుకుని విమానం చేసింది అమెరికాలోని లాక్‌హీడ్ కంపెనీ! 1970ల కంప్యూటర్లకు వంపుల లెక్క మోయలేని బరువు, అందుకే పలకలు. కంప్యూటర్లు ఎదిగాక తర్వాతి స్టెల్త్ విమానాలు బీ-2, ఎఫ్-22లకు వంపులొచ్చాయి. ఇంత కథను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు నిజంగా బాధేసింది.

దాక్కోవడానికి ఏం వదులుకున్నారో కూడా రాయి. తరంగం వదిలితే జాడ తెలిసిపోతుందని ఎఫ్-117కు సొంత రాడారే పెట్టలేదు. ఎఫ్-35 అనే స్టెల్త్ విమానం దాక్కుని వెళ్లాలంటే ఆయుధాలన్నీ పొట్టలోనే మోయాలి. రెక్కల కింద వేలాడదీస్తే అవే బిందెల్లా మెరుస్తాయి. పొట్టలో పట్టేవి తక్కువే.

మన దేశపు స్టెల్త్ యుద్ధవిమానం ఆమ్కాను 'శత్రువులకు సింహస్వప్నం' అన్నావు. 2024 మార్చిలో కేంద్రం సుమారు 15,000 కోట్ల రూపాయలతో దాని నమూనాల తయారీకి అనుమతిచ్చింది. ఇంకా ఎగరలేదు. అది ఎగరాలని నీ అంతే నేనూ కోరుకుంటున్నాను. అంతవరకు 'తయారవుతోంది' అనే రాద్దాం.

ఆదివారం సవరించిన ప్రతితో ఇంటికి రా. నువ్వు పక్కకు జరిగితే బిందె మీద చుక్క ఎటు కదిలిందో, అది కూడా రాసుకుని తీసుకురా.

నీ అన్న