కోవిడ్ ఆంక్షలున్న రోజుల్లో మొదటిసారి క్రూజ్‌కి వెళ్ళినవాళ్ళు ఉన్నారా? పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉందా?

ఉన్నాం. తగ్గట్టు లేదు.

మాది నెల్లూరు. 2021 డిసెంబర్ 10, శుక్రవారం ముంబయిలో ఎక్కి, గోవా చూసుకుని, సోమవారం పొద్దున మళ్ళీ ముంబయిలోనే దిగే మూడు రాత్రుల ప్యాకేజీ. నేను, మావారు, పిల్లలిద్దరు, మా అత్తయ్య. టికెట్లకే లక్షా పది వేలు దాటింది, విమానం, హోటల్ వేరే. ఓడ పేరు, కంపెనీ పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు.

అసలు మాకు ఓడ ఎక్కాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందంటే, ఆ ఏడాది అట్లాంటిది. ఏప్రిల్‌లో మా అత్తయ్య తమ్ముడు ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. మేలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటు మందు కోసం జనమంతా కృష్ణపట్నానికి ఎగబడ్డారు, మేమూ చుట్టాల ద్వారా తెప్పించుకున్నాం, దాచుకోవడమేముంది. నవంబర్‌లో పెన్నకి వరద. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, కోవూరులో మా ఆడపడుచు వాళ్ళింట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. బురద కడిగి, బియ్యం ఎండబెట్టి వచ్చిన రోజు రాత్రి మావారు ఫోన్ తెచ్చి ఒక వీడియో చూపించారు. ఓడ మీద ఈత కొలను, జారుడు బల్ల, రాత్రి పాటలు, డాన్సులు. ఒక్కరికీ మాస్కు లేదు. ఆ వీడియో కరోనాకి ముందు తీసిందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి!

మా ఊరి ఏజెంట్ దగ్గర రెండు గదులు బుక్ చేశాం. కిటికీ ఉన్న గదికీ లేని గదికీ మనిషికి ఆరేడు వేలు తేడా. "ఎట్టా పడుకోడానికే గదా మేడం, గదిలో కూర్చుంటారా ఏంది" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఆ ఒక్క మాటకి తర్వాత చాలా ఖరీదు కట్టాం.

ఎక్కేముందు 48 గంటల్లోపు తీసిన ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు కావాలన్నారు. పెద్దవాళ్ళకి రెండు డోసుల సర్టిఫికెట్ కూడా. పిల్లలకి అప్పటికింకా టీకా లేదు, 15 ఏళ్ళు దాటినవాళ్ళకి మొదలైందే 2022 జనవరి 3న. బుధవారం సాయంత్రం ముక్కులో పుల్ల పెట్టించుకుని, రిపోర్టు రాకుండానే గురువారం కారులో చెన్నై బయల్దేరాం. ఒక్కరికి పాజిటివ్ వచ్చినా రాష్ట్ర సరిహద్దు తడ దగ్గర్నుంచే వెనక్కి తిరగాలి. సూళ్లూరుపేట దాటాక మావారి ఫోన్ మోగింది. అయిదుగురికీ నెగెటివ్. ఆ ప్రయాణం మొత్తంలో మేం మనస్ఫూర్తిగా సంతోషపడ్డది ఆ హైవే మీదే అనుకుంటా.

ముంబయిలో బల్లార్డ్ పియర్ దగ్గర ఇంకో తంటా. మన ఇంటిపేర్ల సంగతి తెలుసుగా. ఆధార్‌లో ఒక్క అక్షరం, టీకా సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది. కౌంటర్లో అమ్మాయి ఇద్దరూ ఒకరే అంటే ఒప్పుకోదు. మావారి హిందీ, ఆ అమ్మాయి ఇంగ్లీషు కలిసేసరికి ముప్పావుగంట. తర్వాత సామాను స్కానింగ్. అత్తయ్య సంచిలో ఆవకాయ సీసా కనిపించింది. బయటి తిండి లోపలికి రానివ్వరట. "నాయనా, అది తిండి కాదు, ఊరగాయ" అని ఆమె తెలుగులోనే వాదించింది. సీసాకి ఒక కాగితం అంటించి, మాకో టోకెన్ చేతిలో పెట్టి పక్కన పెట్టేశారు.

మాస్కులు పెట్టుకోమన్నందుకు, బఫేలో మన చేత్తో వడ్డించుకోనివ్వనందుకు నాకేం కోపం లేదు. ఆ రోజుల్లో అది పద్ధతే. దేశంలో ఒమిక్రాన్ బయటపడి వారం రోజులే అయింది. నా కోపమల్లా అమ్మేటప్పుడు ఒకటి చూపించి, ఎక్కాక ఇంకోటి చెప్పినందుకు. ఈత కొలనుకి అరగంట స్లాటు, యాప్‌లో బుక్ చేసుకోవాలి, మేం యాప్ తెరిచేసరికి మూడు రోజులకీ నిండిపోయాయి. పిల్లల గది మూసేశారు. రాత్రి ప్రదర్శనకి సీటు వదిలి సీటు, అవీ అయిపోయాయి. తొమ్మిదేళ్ళ మా చిన్నోడికి ఆడుకోడానికి దొరికింది లిఫ్ట్ ఒక్కటే, దాంట్లోనూ నలుగురికి మించి ఎక్కకూడదు. తిండి సంగతి చెప్పాలంటే, చేపలో ముల్లు లేదు, చేప రుచీ లేదు. చేపల పులుసుకి పేరుబడ్డ ఊరి మనుషులం, ఎట్లా మింగుడు పడుతుంది? వడ్డించేవాళ్ళలో శ్రీకాకుళం కుర్రాడొకడు మా మాటలు విని, రెండో రోజు మధ్యాహ్నం ఎక్కణ్ణుంచో వేడి అన్నం, పప్పు తెచ్చిపెట్టాడు. ఆ బాబు చల్లగా ఉండాలి.

శనివారం గోవా. ఓడ మార్ముగోవా రేవులో ఆగింది. తయారై, టోపీలు పెట్టుకుని నిలబడ్డాం. అప్పుడు మెసేజ్ వచ్చింది: ఓడవాళ్ళ బస్సు టూరు కొనుక్కున్నవాళ్ళే దిగాలి, సొంతంగా వెళ్ళడానికి లేదు, బస్సులో సీట్లు అయిపోయాయి. పై డెక్కు మీద నిలబడి గోవా చూశాం. ఎదురుగా క్రేన్లు, బొగ్గు కుప్పలు, వాటి మీద నీళ్ళు చల్లుతున్న గొట్టాలు. మా అమ్మాయి కాసేపు చూసి, "ఇదేందమ్మా, మళ్ళీ కృష్ణపట్నం పోర్టుకే తీసుకొచ్చారు?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం ఇంకోటి. ఏసీ చలికి అత్తయ్యకి గొంతు గరగర మొదలైంది. టిఫిన్ దగ్గర రెండుసార్లు దగ్గింది, అంతే. పక్క బల్లవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. పది నిమిషాల్లో నిలువెత్తు తెల్ల కిట్లు వేసుకుని ఇద్దరొచ్చారు. ఆ బట్టలు చూడగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ తమ్ముణ్ణి అంబులెన్స్ ఎక్కించినవాళ్ళూ అట్లాగే ఉన్నారు మరి. యాంటిజెన్ టెస్టులో నెగెటివ్ వచ్చింది, అయినా ఆర్‌టీపీసీఆర్ ఫలితం వచ్చేదాకా గది దాటొద్దన్నారు. తోడుగా నేను.

పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా, పదకొండు గంటలు, కిటికీ లేని ఆ గదిలో. దీపం ఆర్పితే అర్ధరాత్రి, వేస్తే ఆస్పత్రి. మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి నిలబడితే ఇంకొకరు కాళ్ళు పైకి పెట్టుకోవాలి. తలుపు తట్టి, ట్రే కింద పెట్టి, మనం తీసేలోపు వెళ్ళిపోతారు. ఫోన్‌కి సిగ్నల్ లేదు, వైఫై కొనాలంటే మళ్ళీ డబ్బు. టీవీ పెడితే ఒక చానెల్లో ఓడ ముందు భాగానికి బిగించిన కెమెరాలో సముద్రం వస్తోంది. అత్తయ్య దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి అడిగింది.

"అమ్మణ్ణీ, ఈ సముద్రం సినిమాలోదా, బయటదా?"

"బయటదే అత్తయ్యా, కెమెరా పెట్టారు."

"అయితే మనం యాడున్నాం?"

నా దగ్గర జవాబు లేదు. మైపాడు బీచ్ తిన్నగా పోతే మా ఇంటికి అరగంట దారి, అక్కడ కెమెరా అక్కర్లేదు.

ఫలితం నెగెటివ్ వచ్చాక ఆమె గాలి పీల్చుకోవడానికి పైకి వెళ్ళింది, నేను మంచం మీదే కూలబడ్డాను. 2020 ఫిబ్రవరిలో జపాన్ యోకోహామా రేవులో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ గుర్తుందా? అందులో 3,711 మంది, ఏడొందల మందికి పైగా కరోనా సోకింది. ప్రయాణికుల్ని రెండు వారాలు గదుల్లోనే ఉంచారు. అప్పట్లో ఆ వార్త చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. అందులోనూ కిటికీ లేని గదులవాళ్ళు ఉన్నారని ఆ రాత్రి గానీ నాకు తట్టలేదు.

మేం వచ్చిన నెల్లోపే, 2022 జనవరి మొదట్లో, ముంబయి నుంచి గోవా వెళ్ళిన ఓడలో 66 మందికి పాజిటివ్ అని టీవీలో వచ్చింది. సుమారు రెండు వేల మంది దిగలేక ఓడలోనే ఉండిపోయారు. మావారు రిమోట్ తీసుకుని చానెల్ మార్చేశారు.

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా. ఇప్పుడా ఆంక్షలు లేవు, 2022 జూన్ నుంచి చెన్నైలోనూ క్రూజ్ ఓడలు మొదలయ్యాయి, మన నెల్లూరు వాళ్ళకి ముంబయి దాకా పోయే పని తగ్గింది. అయినా డబ్బు కట్టేముందు మూడు నాలుగు సంగతులు ఏజెంట్ నోటి మాటగా కాదు, మెయిల్‌లో రాయించుకోండి. మీరు వెళ్ళే తేదీల్లో ఏవేవి మూసి ఉంటాయి, రేవులో ఆగితే సొంతంగా దిగనిస్తారా, ఎవరికైనా జబ్బు చేస్తే ఎవరి ఖర్చుతో ఎక్కడ ఉంచుతారు, ప్రయాణం మారితే డబ్బు చేతికిస్తారా లేక కూపన్ ఇస్తారా. మాకు కూపనే ఇచ్చారు, ఇంకో ట్రిప్పులో పదిహేను శాతం తగ్గింపు, ఏడాది గడువు. గడువు అయిపోయింది కూడా. పెద్దవాళ్ళు వస్తుంటే మాత్రం తిండి తగ్గించుకునైనా కిటికీ ఉన్న గది తీసుకోండి. పేర్లు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి.

సోమవారం దిగేటప్పుడు మావారు రిసెప్షన్‌లో గోవా గురించి గొడవ పడుతుంటే, అత్తయ్య టోకెన్ పట్టుకుని ఒక్కతే స్కానింగ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆవకాయ సీసా కాగితంతో సహా భద్రంగా ఉంది. అక్కడే మూత తీసి వాసన చూసి, నూనె పైకి తేలి ఉందో లేదో సీసా వంచి చూసుకుని, మళ్ళీ బిగించి సంచిలో పెట్టుకుంది.