చూడని ఊరి మీద మమకారం

ప్రశ్న: షికాగోలో ఉన్న మా మనవరాలికి లిథువేనియా మూలాలున్న ఒక స్నేహితురాలు ఉంది. అమెరికాలోనే పుట్టిన ఆ అమ్మాయి, ముత్తాత వదిలి వచ్చిన ఊరిని తాను బతికిన చోటులా వర్ణిస్తుందట. చూడని ఊరు జ్ఞాపకం ఎలా అవుతుంది? మా మనవరాలికి తిరుపతి మీద అటువంటి మమకారం కలగాలంటే మేమేం చేయాలి?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: 1944లో సోవియట్ సైన్యం మళ్లీ వస్తోందని తెలిసి పడమటికి పారిపోయిన వేలాది లిథువేనియన్లు జర్మనీలోని శరణార్థి శిబిరాలలో కొన్నేళ్లు గడిపి, 1948లో అమెరికా చేసిన చట్టం ఆధారంగా షికాగో వంటి నగరాలకు చేరుకున్నారు. ఎప్పటికైనా తిరిగి వెళ్తామన్న ఆశతో శనివారం బడులు పెట్టి పిల్లలకు భాష, చరిత్ర నేర్పారు. వేసవి శిబిరాలు, నృత్యబృందాలు నడిపారు. క్రిస్మస్ ముందు రాత్రి మాంసం లేకుండా 12 వంటకాలతో భోంచేస్తూ, ఆ ఏడాది పోయిన మనిషికి కూడా బల్ల దగ్గర ఒక చోటు ఉంచే ఆచారాన్ని కాపాడుకున్నారు. ఏటేటా ఆ బల్ల సర్దిన పిల్లకు, ఆ ఖాళీ చోటు ఎవరిదని అడగవలసిన అవసరం దానంతటదే కలుగుతుంది. గంగమ్మ వేషాలు మార్చి దుష్టుడైన పాలెగాడిని వెతికి చంపిన కథ మన పిల్లలకు పట్టుబడేది కూడా గంగమ్మ జాతరలో బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలను చూసి, తామూ వేసినప్పుడే కదా!

అయితే వారి పరిస్థితి వేరు. 1990 మార్చి 11న స్వాతంత్ర్యాన్ని పునరుద్ధరించుకునే వరకు ఆ దేశం సోవియట్ పాలనలోనే ఉండింది గనుక, ప్రవాసులకు దాన్ని ఇంట్లో నిలుపుకోవడం తప్ప మరో దారి కనిపించలేదు. (షికాగోలో దశాబ్దాలు గడిపిన వాల్డాస్ ఆడమ్‌కుస్ 1998లో ఆ దేశాధ్యక్షుడు కావడం ఆ ఆశ ఎంత గట్టిదో చెబుతుంది.) కానీ పెద్దల భయమూ దుఃఖమూ కూడా పిల్లల మీద పడ్డాయి, పైగా వారు విన్న దేశం యుద్ధానికి ముందుది, తలుపులు తెరుచుకున్నాక కనిపించినది మరొకటి.

మీ మనవరాలు కావాలంటే సెలవులకు విమానమెక్కి రాగలదు. అందువల్ల ఊరు దూరమైందన్న బెంగను ఆమెకు వారసత్వంగా ఇవ్వకండి. ఏదైనా ఒక పండగ పనిని పూర్తిగా ఆమె చేతికి అప్పగించండి. మీ చిన్ననాటి తిరుపతిని గురించి ఫోనులో చెప్పేటప్పుడు మంచితోపాటు అప్పటి ఇబ్బందులూ, తగవులూ చెప్పండి. ఇప్పటి ఊరు అలా లేదని కూడా దాచకుండా చెప్పండి. ఆమె మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేస్తే కథ ఆపి వాటికే ముందు జవాబివ్వండి.