నరమేధమా, జాతిహననమా?

సందేహం: మా కాలేజీ వ్యాసరచన పోటీకి 'ఆధునిక ప్రపంచంలో మళ్ళీ నరమేధం జరుగుతుందా?' అన్న అంశం ఇచ్చారు. ఇక్కడ నరమేధం సరైన మాటేనా? జాతిహననం అనాలా?
– ఒక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: నరమేధం వద్దమ్మా. మేధమంటే యజ్ఞం, అశ్వమేధంలో ఉన్నదీ అదే. యజ్ఞమన్నాక యజమాని, ఫలం ఉంటాయి. హంతకులకు ఆ గౌరవం దేనికి? పైగా ఇద్దరు హతులైతే చాలు, టీవీల్లో 'నరమేధం' అని వేసేస్తున్నారు. మాటల్ని ఇలా దుబారా చేయకూడదు. మారణహోమానికీ ఇదే అభ్యంతరం. ఊచకోతలో చావుల తీవ్రతే తెలుస్తుంది, ఉద్దేశం తెలియదు.

1944లో పోలండ్ న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్, జాతి అనే అర్థమున్న గ్రీకు 'గెనోస్'కు, చంపడమనే అర్థమున్న లాటిన్ మాటను చేర్చి 'జెనోసైడ్' అన్న పదం కల్పించాడు. గెనోస్‌కూ మన జాతికీ మూలం ఒకటే, పుట్టుకను చెప్పే 'జన్' ధాతువు. చేసిన పనికి కాక పుట్టిన పుట్టుకకు చంపడమన్నమాట.

ఈ సంగతి నన్నయ ఆదిపర్వంలో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. రురుడనే మునికుమారుడు పెళ్ళాడబోయే ప్రమద్వరను పాము కరిచింది. రురుడు తన ఆయుష్షులో సగమిచ్చి ఆమెను బతికించుకున్నాడు. అయినా కోపం చల్లారక, కనిపించిన పామునల్లా కర్రతో కొట్టి చంపుతూ తిరిగాడు. ఒకనాడు డుండుభం ఎదురైంది. అది విషంలేని పాము. కరిచే పాములు వేరు, మేము వేరు, పేరొక్కటైతే మమ్మల్నీ చంపుతావా అని అడిగింది. మన కొండవాలు కాలనీల్లో జెర్రిపోతును నాగుపామనుకుని కొట్టేవాళ్ళు ఈ ఘట్టం చదవాలి. తక్షకుడొక్కడి నేరానికి సర్పకులాన్నంతా హోమంలో వేల్చిన జనమేజయుడి కథకు ఇదే తొలిమెట్టు. అక్కడ ఆపడానికి ఆస్తీకుడు వచ్చాడు.

1994లో రువాండాలో ఎవరూ వేళకు రాలేదు. అక్కడి టుట్సీ తెగవాళ్ళను రేడియోలో 'ఇన్యెంజి' అన్నారు, అంటే బొద్దింకలు. గుర్తింపు కార్డులో తెగ పేరుండేది; దారికడ్డంగా నిలబడి కార్డు చూసి చంపారు. సుమారు వంద రోజుల్లో లక్షలమంది పోయారు. మరుసటేడు బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో దాదాపు 8,000 మంది పురుషుల్ని, బాలుర్ని చంపారు. ఇవన్నీ 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జెనోసైడ్ నిరోధానికి ఒడంబడికను ఆమోదించిన తర్వాతే. కాబట్టి మీ అంశంలో మొదట కొట్టేయాల్సింది 'మళ్ళీ'ని. అది ఆగిందెప్పుడు?

ఇక తీర్పు. జాతిహననం వాడుకలో స్థిరపడింది, వాడండి. ఒక్క చిక్కుంది. ఒక సమూహాన్ని నాశనం చేసే ఉద్దేశంతో పుట్టుకల్ని అడ్డుకోవడం, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించడం కూడా ఆ ఒడంబడిక ప్రకారం ఇదే నేరం. వాటిలో హననం లేదు. వేరుతో పెకలించడాన్ని చెప్పే 'జాతినిర్మూలన' అందుకే నాకు దగ్గరగా తోస్తుంది. అయితే ఆ ఒడంబడిక మతసమూహాలనూ చెప్పింది. మతాన్ని జాతి అనడం కొందరికి రుచించదు. వాళ్ళు 'సమూహ నిర్మూలన' అంటే తప్పుపట్టను.