న్యూయార్క్‌లో ఆగిన డాలర్లు: అధ్యక్షుడి ఉత్తర్వు మీద దావా వేయవచ్చా?

ప్రశ్న: గుంటూరు నుంచి ఎండుమిర్చి ఎగుమతి చేస్తాను. 2024 మార్చిలో దుబాయ్ వ్యాపారికి 90 రోజుల అరువు మీద ఒక కంటైనర్ పంపాను. అతడు కట్టిన 41 వేల డాలర్లు న్యూయార్క్ బ్యాంకులో ఆగిపోయాయి. అతని భాగస్వామి పేరు అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు కింద ఆంక్షల జాబితాలో ఉందట. కూతురి పెళ్లి దగ్గర పడింది. ఒక్క సంతకంతో నా సొమ్ము ఆపే హక్కు ఆయనకెక్కడిది? 1952లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వును అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది కదా! బావమరిది సంస్థ పేరుతో కొత్త ఇన్వాయిస్ ఇస్తే డబ్బు వస్తుందని వ్యాపారి అంటున్నాడు. ఇవ్వవచ్చా?

జవాబు: పెళ్లి గురించి పేజీన్నర రాశారు. బ్యాంకు పంపిన సందేశంలో ఏ మాట ఉందో మాత్రం రాయలేదు. ఆ డబ్బు బ్లాక్ అయిందా, రిజెక్ట్ అయిందా? మీ కేసంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. రిజెక్ట్ అయితే సొమ్ము పంపినవాడి ఖాతాకే తిరిగి వెళ్తుంది. అప్పుడు ఇది మామూలు బాకీ వసూలు వ్యవహారం. బ్లాక్ అయితే అమెరికాలోనే వడ్డీ వచ్చే ఖాతాలో ఉంటుంది. అక్కడి ఖజానా శాఖకు చెందిన ఓఫాక్ కార్యాలయం లైసెన్సు ఇచ్చేదాకా మీరూ ముట్టుకోలేరు, అతడూ ముట్టుకోలేడు.

ట్రూమన్ సంగతి. ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకునే అధికారం ఆయనకు కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఇవ్వలేదు, అందుకే ఓడిపోయాడు. విదేశీ ఆస్తులను స్తంభింపజేసే అధికారాన్ని 1977 చట్టంతో కాంగ్రెసే అధ్యక్షుడి చేతిలో పెట్టింది. 1979 నవంబరు 14న అధ్యక్షుడు కార్టర్ ఇరాన్ ప్రభుత్వ ఆస్తులను ఆ చట్టం కిందే ఆపాడు. డేమ్స్ అండ్ మూర్ అనే అమెరికా కంపెనీ దాదాపు 34 లక్షల డాలర్ల బాకీకి ఇరాన్ బ్యాంకుల ఆస్తులపై కోర్టు జప్తు కూడా తెచ్చుకుంది. ఇరాన్‌లో చిక్కుకున్న అమెరికన్ బందీల విడుదల ఒప్పందం కుదరగానే ఆ జప్తులను అధ్యక్షుడి ఉత్తర్వు రద్దు చేసింది. 1981 జులై 2న సుప్రీంకోర్టు అధ్యక్షుడి వైపే నిలిచింది. చేతిలో జప్తు ఉన్న సొంత దేశపు కంపెనీకే దక్కనిది ఇన్వాయిస్ కాగితంతో మీకు దక్కుతుందా? దావా ఖర్చు పెట్టుకోకండి.

కొత్త ఇన్వాయిస్ మాత్రం ఇవ్వవద్దు. పేరు దాచి అమెరికా బ్యాంకు చేత ఆంక్షలు ఉల్లంఘింపజేయడం కూడా నేరమే. తెలిసి చేస్తే 20 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల డాలర్ల వరకు జరిమానా. గుంటూరులో కూర్చున్నాను కదా అనుకోకండి. పైగా ఒకే సరుకుకు రెండు పేర్లతో ఇన్వాయిస్‌లు ఉంటే మీ సొంత బ్యాంకే మిమ్మల్ని అనుమానిస్తుంది.

అరువిచ్చే ముందు వ్యాపారి ట్రేడ్ లైసెన్సు అడిగారా? భాగస్వాముల పేర్లు అందులోనే తెలిసేవి. జాబితా అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. జాబితాలోని మనిషికి సంస్థలో సగం గాని, అంతకు మించి గాని వాటా ఉంటే, సంస్థ పేరు అందులో లేకపోయినా అది బ్లాక్ అయినట్టే. అయిదు నిమిషాల పని!

ముందు మీ బ్యాంకుకు లిఖితపూర్వకంగా రాసి, స్విఫ్ట్ సందేశాల (బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే చెల్లింపు సందేశాల) నకళ్లు తీసుకోండి. బ్లాక్ అని ఉంటే ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు), ఆర్డరు కాగితాలతో ఓఫాక్‌కు లైసెన్సు దరఖాస్తు పెట్టండి. ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. జవాబుకు నెలలు పట్టవచ్చు. ఈలోగా ఎగుమతి సొమ్ము రాబట్టే గడువు పొడిగించమని మీ బ్యాంకును కోరండి.

వ్యాపారి మీద దావాకు కాలపరిమితి వేరు. అరువు గడువు 2024 జూన్‌లో ముగిసింది కాబట్టి మన లిమిటేషన్ చట్టం ప్రకారం 2027 జూన్ దాకా మూడేళ్లు. ఓఫాక్ జవాబు కోసం ఆ గడియారం ఆగదు. ఆ గడువు లోపలే అతని సంతకంతో బాకీ ఒప్పుకోలు పత్రం తెప్పించుకుంటే, సంతకం తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క. ‘పంపిస్తాను’ అని ఫోనులో చెప్తే పనికిరాదు. ఒప్పందంలో తగాదా వస్తే గుంటూరు కోర్టు అని లేకపోతే అక్కడి గడువుల గురించి దుబాయ్ న్యాయవాదిని కూడా అడగండి.

ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో వచ్చాయని, ఆ ఫోను మార్చేశానని రాశారు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయందే ఆ సందేశాల నకళ్లు సాక్ష్యంగా నిలవవు. ఆ ఫోను ఇంకా దుకాణంలో ఉంటే ఈ రోజే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.