ఫోన్ బిల్లులో ఆ 40 సెంట్లు

ప్రశ్న: మేం ఆర్నెల్ల కిందట సియాటిల్ దగ్గర రెడ్‌మండ్‌కి వచ్చాం. ఫోన్ బిల్లులో 988 (మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లు సాయానికి చేసే నంబరట) పేరుతో లైనుకి నెలకి 40 సెంట్లు వేస్తున్నారు. ఇల్లు కొందామని చూస్తే ప్రాపర్టీ టాక్స్‌లో క్రైసిస్ లెవీ అని అదనపు పన్ను మరొకటి. మానసిక సమస్యలున్నవాళ్లతో ఎలా మాట్లాడాలో పోలీసులకి నేర్పడానికి మన సేల్స్ టాక్స్ కూడా వాడతారట. మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు. ఇవి కట్టకుండా ఉండే దారి ఉందా?

జవాబు: దారి లేదు తమ్ముడూ. ఉన్నా నేను చెప్పను.

988 పన్ను 2021 అక్టోబరులో 24 సెంట్లతో మొదలైనప్పుడు నేనూ కస్టమర్ కేర్‌తో ముప్పావుగంట వాదించినవాణ్ణే. 2023 జనవరిలో అది 40 అయింది. మా ఇంట్లో నాలుగు లైన్లు, ఏడాదికి 19 డాలర్ల 20 సెంట్లు. లెక్కలు నాకూ వచ్చు. కొత్తగా వచ్చిన రోజుల్లో లెక్కలు తప్ప ఇంకేమీ రాలేదు, అదే వచ్చిన గొడవ.

2011 నవంబరు. బెల్‌వ్యూలో డబుల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, నలుగురు బ్రహ్మచారులం. హాల్లో స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ అయిపోయి నిమిషానికోసారి కీక్‌మంటోంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒక్కటి తెచ్చి పెడితే పోయేదానికి, పోయినసారి బల్బు నేను కొన్నాను, ఈసారి నా వంతు కాదని ఎక్సెల్ షీట్ తెరిచి చూపించాను. వాళ్లు గిన్నెల సబ్బు లెక్క తీశారు. అలా వారం గడిచింది.

హాల్లో పడుకునేవాడికి ఆ వారమే ప్రాజెక్టు పోయింది. ఉద్యోగం పోతే హెచ్‌1 వీసావాళ్లకి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పట్లో లేదు. నాలుగు రాత్రులు వాడు కన్ను మూయలేదు. ఆ డిటెక్టర్‌లోంచి కంపెనీవాళ్లు తన మాటలు వింటున్నారని మొదలుపెట్టాడు. మొదట నవ్వాం. తర్వాత వంటింట్లో గుసగుసలాడాం. డాక్టరుకి చూపిద్దామని ఒకడంటే, ఇన్సూరెన్స్ పోయింది కదా, బిల్లు ఎవరు కడతారని అడిగింది నేనే.

ఐదో రాత్రి రెండున్నరకి లేచి చూస్తే, కుర్చీ ఎక్కి కూరగాయల కత్తితో డిటెక్టర్ స్క్రూలు ఊడదీస్తున్నాడు. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశాను. ఆయుధం ఏదైనా ఉందా అంటే "ఉంది, కత్తి" అన్నాను. దాంతో ఏం చేస్తున్నాడో చెప్పలేదు. అంతకు ముందు ఏడాదే, 2010 ఆగస్టులో, సియాటిల్ వీధిలో జాన్ టి. విలియమ్స్ అనే చెక్కబొమ్మలు చెక్కుకునే ఆయన్ని, చేతిలో చిన్న చాకు ఉందని పోలీసు కాల్చి చంపాడు. ఆయనకి ఒక చెవి వినపడదు. అది పేపర్లో చదివి ఉండి కూడా ఫోన్లో ఆ మాట అన్నాను.

ముగ్గురు వచ్చారు. ముందున్న ఆఫీసరు మిగతా ఇద్దరినీ గుమ్మం దగ్గరే ఉండమని సైగ చేసి, టార్చి కిందికి దించి, దూరంగా నిలబడి వాడి పేరు అడిగాడు. తప్పు పలికాడు. మళ్లీ అడిగి సరిచేసుకున్నాడు. కత్తి పడెయ్ అని అరవలేదు. కీక్‌మన్నప్పుడల్లా మావాడు ఉలిక్కిపడటం గమనించి, "ఆ చప్పుడు నాక్కూడా చిరాగ్గానే ఉంది. ఎన్నాళ్ల నుంచి ఇలా?" అన్నాడు. వారంలో వాణ్ణి ఆ మాట అడిగింది ఆయనొక్కడే. ఇరవై నిమిషాల తర్వాత మావాడు కత్తి కుర్చీ మీద పెట్టి దిగాడు. అంబులెన్స్ వచ్చేలోపు మెట్ల దగ్గర నేనాయన్ని అడిగిన మొదటి ప్రశ్న: బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది?

ఆ ఆఫీసరు కొన్ని నెలల ముందే 40 గంటల క్రైసిస్ ఇంటర్వెన్షన్ (సి.ఐ.టి.) శిక్షణ, అంటే మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పేది, తీసుకున్నాడని తర్వాత తెలిసింది. 1988లో టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో పుట్టిన పద్ధతి అది. అక్కడ కూడా, కత్తి పట్టుకున్న ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చేశాకే కళ్లు తెరిచారు. క్లాసు ఖర్చు పెద్దదేం కాదు. ఆఫీసరు వారం రోజులు క్లాసులో కూర్చుంటే ఆయన షిఫ్టు ఇంకొకరు చెయ్యాలి, వాళ్లకి ఓవర్‌టైమ్ ఇవ్వాలి. చిన్న ఊళ్ల పోలీసు శాఖలు అక్కడే చేతులెత్తేస్తాయి. సియాటిల్, రెడ్‌మండ్ ఉన్న మన కింగ్ కౌంటీలో 2008 నుంచి వంద డాలర్లకి 10 సెంట్ల చొప్పున మానసిక ఆరోగ్యం సేల్స్ టాక్స్ ఉంది కాబట్టి దాంట్లోంచి నడుస్తోంది. మీ 40 సెంట్లు మాత్రం 988 కాల్ సెంటర్లకీ, ఇంటికొచ్చే క్రైసిస్ బృందాలకీ పోతాయి. లెవీ 2023లో ఓటేసి తొమ్మిదేళ్లకి పెట్టుకున్నది, క్రైసిస్ కేంద్రాలు కట్టడానికి. మిలియన్ డాలర్ల ఇంటికి 2024లో 145 డాలర్లు పడింది.

ఫెడరల్ ప్రభుత్వం ఇవ్వచ్చుగా అంటారేమో. 2022 డిసెంబరులో ఇలాంటి శిక్షణకి గ్రాంట్లు ఇస్తామని చట్టమే చేశారు. చట్టంలో రాసినంత మాత్రాన డబ్బు చేతికి రాదు, ఏటా బడ్జెట్‌లో కేటాయించాలి. గ్రాంటు మీద బతికేది గ్రాంటుతోనే పోతుంది. పక్కనే ఒరెగాన్‌లో, యూజీన్ నగరంలో 1989 నుంచి ఇలాంటి కాల్స్‌కి పోలీసుల బదులు వెళ్లిన కహూట్స్ బృందం 2025లో అక్కడ ఆగిపోయింది. కారణాల్లో డబ్బు ముఖ్యమైనది. ఖర్చే చూసుకుంటానంటే ఇదీ చూడండి: విలియమ్స్ కుటుంబానికి సియాటిల్ నగరం చెల్లించింది 15 లక్షల డాలర్లు. అదీ పన్ను డబ్బే.

వీసా మీద ఉన్నాం, ఓటు లేదు అనకండి. కౌంటీ కౌన్సిల్ బడ్జెట్ విచారణలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకిచ్చిన టైమంతా ఎక్సెల్ షీట్ కథకే అయిపోయింది.

ప్రాణాపాయం లేకపోతే 988కి చెయ్యండి, ఉంటే 911. సి.ఐ.టి. శిక్షణ ఉన్న ఆఫీసర్ని పంపమని అడగండి. చేతిలో ఏముందో చెప్తే దాంతో ఏం చేస్తున్నాడో కూడా చెప్పండి. బిల్లు భయంతో ఆగకండి, ఆస్పత్రిలో చారిటీ కేర్ (కట్టలేనివాళ్లకి బిల్లు తగ్గించే ఏర్పాటు) ఫారం అడగండి, నియమాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. మావాడి ఫారం నేనే నింపాను.

మర్నాడు బ్యాటరీ కూడా నేనే కొన్నాను. షీట్‌లో రాసుకున్నాననుకోండి.