కంప్యూటర్లొచ్చినా పని తగ్గలేదేం?

ప్రశ్న: మా ఆఫీసులో రిజిస్టర్లు తీసేసి కంప్యూటర్లు పెట్టి రెండేళ్లయింది. ఖర్చు పెరిగింది, పని మాత్రం మునుపటిలాగే నడుస్తోంది. లోపం సాఫ్ట్‌వేర్‌దా, మనుషులదా?

జవాబు: రెండూ కాకపోవచ్చు. ముందు పని నడిచే దారిని చూడండి. కంప్యూటర్లు ఎక్కడ చూసినా ఉన్నాయి గానీ ఉత్పాదకత లెక్కల్లో మాత్రం లేవని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లోనే అన్నారు. 1990లో పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు దీనికి కరెంటు చరిత్రలో జవాబు వెతికారు. న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది 1882లో. అమెరికా ఫ్యాక్టరీల్లో దాని ఫలితం గట్టిగా కనబడింది 1920లలో. ఈ నలభై ఏళ్లూ ఏమైనట్టు?

ఆవిరి రోజుల్లో ఫ్యాక్టరీ పొడవునా ఒక ఇనుప ఇరుసు తిరిగేది. ప్రతి యంత్రమూ బెల్టుతో దానికి తగులుకుని ఉండేది. కరెంటు రాగానే చాలామంది యజమానులు ఆవిరి యంత్రం తీసేసి అదే చోట పెద్ద మోటారు పెట్టారు. ఇరుసూ బెల్టులూ అలాగే ఉండిపోయాయి. ఒక్కో యంత్రానికీ ఒక్కో చిన్న మోటారు వచ్చాకే యంత్రాలను ఇరుసు వరసలో కాకుండా పని వరసలో అమర్చుకోగలిగారు. అసలు లాభం అక్కణ్ణుంచి మొదలైంది.

మీ ఆఫీసులో ఆ ఇరుసు ఏదో వెతకండి. ఒక్క దరఖాస్తు పట్టుకుని, లోపలికొచ్చినప్పటి నుంచి బయటికెళ్లేదాకా దాని వెంటే నడవండి. ఒకే వివరాన్ని ఎన్నిసార్లు టైపు చేశారు, ఎన్ని సంతకాలు పడ్డాయి, ఏ బల్ల మీద ఎంతసేపు ఆగింది, ఈ మూడూ రాసుకోండి. పని పది నిమిషాలు, ఎదురుచూపు మూడు రోజులు అని తేలిందనుకోండి. టైపింగ్ వేగం రెట్టింపు చేసినా కలిసొచ్చేది ఐదు నిమిషాలే. తగ్గించాల్సింది ఆ మూడు రోజులను.

ముందుగా ఏ వివరమైనా ఒక్కచోట, ఒక్కసారే ఎక్కేలా చూడండి. ఏడాదిలో ఒక్క కాగితాన్నీ తిప్పి పంపని సంతకం ఉంటే, అది చట్టం అడిగేది కాకపోతే, తీసేయండి. మీరు రిజిస్టర్లు తీసేశామంటున్నారు గానీ, డేటా పోతుందన్న భయంతో ఎవరో ఒకరు పక్కన పుస్తకంలో రాస్తూనే ఉండొచ్చు. వాళ్లను కోప్పడకండి, ఆ భయంలో న్యాయముంది. బ్యాకప్ నుంచి డేటాను ఒకసారి నిజంగా వెనక్కి తెచ్చి వాళ్లకు చూపించండి. రెండు లెక్కలూ ఒక నెలపాటు సరిపోలాక ఆ పుస్తకం ఆపడానికి తేదీ పెట్టండి.

ప్రశ్న: నేను లెక్కల విభాగంలో గుమాస్తాను. సాఫ్ట్‌వేర్ వల్ల నా ఉద్యోగం పోతుందా?

జవాబు: ఉద్యోగమంటే ఒక్క పని కాదు, పది ఇరవై పనుల కట్ట. యంత్రం సాధారణంగా కట్ట మొత్తాన్ని ఒకేసారి పట్టుకుపోదు, ఒక్కో పుల్లా లాగుతుంది. లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు ఏటీఎం పెట్టింది 1967లో. అమెరికాలో ఏటీఎంలు విరివిగా పెరిగిన 1980-2010 మధ్య అక్కడి క్యాషియర్ల సంఖ్య తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది కూడా. ఒక్కో శాఖకు కావలసిన మనుషులు తగ్గడంతో శాఖ నడపడం చవకైంది. బ్యాంకులు మరిన్ని శాఖలు తెరిచాయి. నోట్లు లెక్కపెట్టే పని తగ్గి, ఖాతాదారుతో మాట్లాడే పని పెరిగింది. ఇంతవరకే చెప్పి ధైర్యం చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. బ్యాంకు పనులు ఫోన్లోకి వచ్చాక ఆ శాఖలే తగ్గుతూ వచ్చాయి, వాటితోపాటు క్యాషియర్లూ.

ఒక వారం పాటు ప్రతి అరగంటకూ ఏం చేశారో రాయండి. మొత్తం నియమాల్లో రాసిచ్చేయగలిగిన పనుల పక్కన ఒక గుర్తు పెట్టండి: బిల్లులు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం లాంటివి. తేడా ఎందుకొచ్చిందో పట్టుకోవడం, బాకీ పడ్డవాళ్లతో మాట్లాడి తేల్చడం లాంటివాటికి వేరే గుర్తు. మొదటి గుర్తు సగం దాటితే, రెండో రకం పనిని ఇప్పుడే అడిగి తీసుకోండి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది కొత్తగా చేరేవాళ్ల సంగతి. తేడా పట్టే చూపు వేల బిల్లులు ఎక్కించగా ఎక్కించగా వచ్చేది. ఆ మెట్టే తీసేస్తే వాళ్లు నేర్చుకునేదెక్కడ? యాజమాన్యాలు దీన్ని ఖర్చు కింద కాకుండా శిక్షణ కింద చూడాలి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ రంగంలో ఎక్కడ చూసినా ఒకటి రెండు సంస్థలదే రాజ్యం. ఎందుకని?

జవాబు: సాఫ్ట్‌వేర్‌కు ఖర్చంతా మొదటి ప్రతికే. రెండో ప్రతికి దాదాపు ఏమీ కాదు కాబట్టి, ఎక్కువమంది వాడేది ఇంకా చవకవుతుంది. దీనికి బంధాల లెక్క తోడవుతుంది. పదిమంది ఉన్నచోట ఇద్దరిద్దరిగా 45 జతలు, వందమంది ఉన్నచోట 4,950. మనుషులు పది రెట్లయితే జతలు నూట పది రెట్లు. కొత్తగా చేరేవాళ్లు జనం ఉన్నచోటికే వెళతారు. ఏ సేవనైనా పూర్తిగా నమ్ముకునే ముందు, అందులో పెట్టిన మీ డేటా మొత్తాన్ని ఫైలుగా దింపుకుని, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. చాలాచోట్ల పేర్లూ అంకెలూ వస్తాయి గానీ జతచేసిన పత్రాలు, పాత మార్పుల చరిత్ర రావు. మీరు బయటికి రాకుండా కట్టిపడేసేవి అవే.

ప్రశ్న: సేవలన్నీ ఆన్‌లైన్ చేస్తే అందరికీ మేలే కదా?

జవాబు: చేయగలిగినవాళ్లకు మేలే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం అంచనా ప్రకారం 2024లో 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు బయటే ఉన్నారు. ఇంటర్నెట్ ఉన్నవాళ్లూ చిన్నచిన్న చోట్ల చిక్కుకుంటారు: పాత నంబరుకు వెళ్లే ఓటీపీ, సైజు మించిన ఫోటో, రెండు పత్రాల్లో రెండు రకాలుగా ఉన్న పేరు. కౌంటర్లో మనిషి నిమిషంలో సర్దేసే తప్పు, ఫారంలో ఎర్ర అక్షరాల దగ్గర ఆగిపోతుంది. కౌంటరు గుమాస్తా పని మాయం కాలేదు, జీతం లేకుండా దరఖాస్తుదారు మీద పడింది. అందుకే ఆన్‌లైన్‌తో పాటు కనీసం ఒక కౌంటరు, అక్కడ తప్పు దిద్దే అధికారమున్న ఒక మనిషి ఉండి తీరాలి. ఎన్ని ఫారాలు వచ్చాయన్నది కాదు, ఎన్ని సగంలో ఆగాయి, ఏ గడి దగ్గర ఆగాయి అన్నది నెలనెలా లెక్కతీయాలి. ముందు దిద్దాల్సింది ఆ గడినే.